రాతిపువ్వు పుట్టిన కొండ

నాందేడ్ మొండా బజారులో గోనెలకు గోనెలు అమ్ముడయ్యే రాతిపువ్వు ఏ కొండ మీద పుట్టింది? ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. దాన్ని అమ్మే నా తమ్ముడు ఆనందం చెప్పలేదు, దాన్ని ఏడాదికోసారి మసాలాలో దంచే నా మరదలు వనమాలకు తెలియదు, ఔరంగాబాద్ ప్రొఫెసరుగారు ప్రశ్నే అనవసరమన్నారు. ఇక మిగిలింది దలాలు రామదాస్. ఆయన పూర్ణా నుంచి వచ్చే ప్యాసింజరులో దిగాలి. ఆ ప్యాసింజరు అలవాటు ప్రకారం ఆలస్యం. నేను తమ్ముడి దుకాణంలో గద్దె వెనుక, ధనియాల బస్తాకూ ఎండుకొబ్బరి బుట్టకూ మధ్య ఇరికించిన ఇనప కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఒళ్ళో ఖాకీ కవరు. కవరులో దిద్ది పంపమని వచ్చిన నా వ్యాసం అచ్చుప్రతి. ఆ అచ్చుప్రతిలో అన్నీ ఉన్నాయి, ఒక్క చోట మాత్రం ఖాళీ ఉంది: రాతిపువ్వు మీద నేను కనుక్కున్న కొత్త శిలీంధ్రం ఎక్కడ పుట్టింది అన్న చోట. సాయంత్రం మెయిలు బండికి స్టేషనులో ఆర్.ఎం.ఎస్. తపాలా పెట్టెలో వేయకపోతే ఈ సంచికలో రాదు, ఆ పత్రిక ఏడాదికి ఒక్కసారే వస్తుంది, నాకు అరవై దాటింది, ముప్పై ఏళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి ఇంటికొచ్చిన మనిషికి లోకం మళ్ళీ మళ్ళీ సంచికలు కేటాయించదు. మిరపకాయల ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. ఫ్యాను తిరగడం లేదు. కరెంటు ఎందుకు పోయిందన్న ప్రశ్నకు కూడా ఈ ఊళ్ళో ఎవరూ జవాబు చెప్పరు గాని అది నా వ్యాసంలో రాయనక్కరలేదు.

రాతిపువ్వు అంటారు. అది ఎక్కువగా చెట్టు బెరడు మీద పుడుతుంది, రాయి మీద అరుదు. పువ్వు అసలే కాదు, లైకెన్. మరాఠీలో దగడ్‌ఫూల్, ఉర్దూలో పత్తర్ కా ఫూల్. మూడు భాషలు కలిసి ఒకే తప్పును ఇంత ఐకమత్యంతో చెప్పడం నేను మరెక్కడా చూడలేదు. నేను ఉస్మానియాలో శాస్త్రం ఉర్దూలో చదివాను, రాష్ట్రాలు మారాక మరాఠీలో పాఠం చెప్పాను, ఇంట్లో తెలుగులో విసుక్కుంటాను, ఇప్పుడీ ప్రాణి కోసం లాటిన్ నేర్చుకుని అరపేజీ వర్ణన రాశాను, ఎందుకంటే కొత్త మొక్కకైనా కొత్త బూజుకైనా లాటిన్‌లో వర్ణన లేనిదే నియమాలు దాన్ని పుట్టినట్టు ఒప్పుకోవు. ఇన్ని భాషల్లోనూ ఎక్కడిది అన్న మాట ఉంది. జవాబే లేదు. లైకెన్ అనేది ఒంటరి ప్రాణి కాదని, అది ఇద్దరి కాపురమని, శిలీంధ్రం ఇల్లు కడితే గోడల మధ్య దాక్కున్న ఆకుపచ్చని శైవలం ఎండను వండి ఇద్దరికీ పెడుతుందని వనమాలకు ఒకసారి బియ్యం ఏరుతూ చెప్పాను. నేను కనుక్కున్నది ఆ కాపురంలోకి వచ్చి చేరిన మూడోదని కూడా చెప్పాను. వనమాల చాట ఆపి నా వంక చూసింది. "అంటే మా ఇద్దరి నడుమ నువ్వున్నట్టా, వదినె?" అంది. నేను ఆలోచించి ఖచ్చితంగా జవాబిచ్చాను: అది ఇంటిని కూల్చదు, తానున్న చోట గోడ కాస్త ఉబ్బుతుంది, అంతే. "గదే కదా నేనన్నది" అని మళ్ళీ బియ్యంలో పడింది. ఆ మాటలో విషం లేదు. విషం లేకపోవడమే చిరాకు. ఉంటే కోపం తెచ్చుకోవచ్చు.

దాన్ని మొదట నాకు చూపించింది ఆ చాటే. హోళీ వెళ్ళి కొత్త మిరప దిగాక ఊరంతా ఏడాదికి సరిపడా కాళా మసాలా చేసుకుంటుంది, మసాలా పట్టే గిర్నీల ముందు ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు కట్టుకుని నిలబడతారు, ప్రతి ఇంట్లో రాతిపువ్వును చాటలో పోసి బెరడు ముక్కలు, పురుగుగూళ్ళు, నల్ల చుక్కలున్న ముక్కలు ఏరి తులసికోట వెనక పారబోస్తారు. చుక్కలున్నది రోగంది, రోగంది పడితే మసాలా ఏడాదంతా చేదు. మా అమ్మ పారబోసింది, ఆమె పక్కన కూర్చుని నేనూ పారబోశాను, పోయిన ఏడు వనమాల పారబోస్తుంటే ఎందుకో ఆ రోజు చెయ్యి పట్టుకుని ఆపాను. బహుశా రిటైరైన కొత్త కావడం వల్ల, చేతికి పని లేకపోవడం వల్ల. కాలేజీలో పాతదైందని మూలన పెట్టిన సూక్ష్మదర్శినిని వీడ్కోలు రోజున శాలువాకు బదులుగా అడిగి తెచ్చుకున్నాను, దాన్ని కిటికీ దగ్గర పెట్టి అద్దం ఎండకు తిప్పి చూశాను. లైకెన్ ఒంట్లో పాతిపెట్టిన నల్లని చిన్న కుండలు, మూతులు మాత్రం పైకి. కుండలో తిత్తులు, తిత్తిలో ఎనిమిదేసి సిద్ధబీజాలు, లేత గోధుమరంగు, ఒక్కో బీజంలో మూడేసి అడ్డుగోడలు. దీని చుట్టాలందరికీ ఒకటే గోడ. మూడు గోడలున్నదాన్ని ఎవరూ వర్ణించలేదని తేల్చుకోవడానికి ఎక్కడెక్కడి వ్యాసాలో తెప్పించుకుని చదవవలసి వచ్చింది, చదివేకొద్దీ ఒక సంగతి నన్ను వెంటాడింది: మరాఠ్వాడాలోని ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు తరతరాలుగా దీన్ని చూస్తూనే ఉన్నారు. పారేయాలన్నా ముందు చూడాలి కదా. ఇంతమంది చూసిన దాన్ని కొత్తది అని రాయడం నాకు సిగ్గుగా లేదు, ఇంతమంది చూసీ ఒక్కరూ ఇదేమిటని అడగనందుకు మాత్రం ఆశ్చర్యంగా ఉంది. అడిగిన ఒక్కదానికి దక్కింది ఈ ఇనప కుర్చీ.

"హే నకో సావ్‌కార్, కిడ్లేలం దిస్తంయ్." ఇది వద్దు, పుచ్చినట్టుంది అంటూ లీలాబాయి వచ్చింది, మా వెనక వీధి లీలాబాయి, సరుకులో పుచ్చు కనిపెట్టడానికే పుట్టిన మనిషి. ఆనందం తరాజులో పోసిన రాతిపువ్వులోంచి చుక్కలున్న ముక్కలను వేలితో, గోటితో, ఏదో మైల తాకినట్టు తీసి బల్ల మీదికి నెడుతోంది. నేను లేచి వెళ్ళి ఆ ముక్కలను ఒక్కొక్కటీ కాగితం పొట్లంలో వేసుకుంటున్నాను. ఆమె నన్ను చూసింది, ఆనందాన్ని చూసింది, మళ్ళీ నన్ను చూసి, చదువుకున్న ముసలివాళ్ళ మీద ఉండే రకం జాలితో ఇంకో ముక్క వెతికి నా చేతిలోనే పెట్టింది. ప్రపంచంలో ఈ శిలీంధ్రం ఉన్నట్టు రుజువుగా మిగిలిన గోనె ఇదొక్కటే, ఇది నా కళ్ళ ముందు పిడికిళ్ళ లెక్కన తరిగిపోతోంది, పొద్దుట నా మోకాలి దాకా ఉన్నది ఇప్పుడు చీలమండ దగ్గరికి దిగింది, దీన్ని అమ్మొద్దని తమ్ముడితో రెండుసార్లు చెప్పాను. "మసాలా సీజన్ల గిరాకీని వాపస్ పంపుతరా, అక్కా?" అన్నాడు. నమూనాకు సరిపడా ఈ గోనె విప్పిన రోజే తీసిపెట్టుకున్నాను, నిజమే. అయినా ఊరందరి పప్పులోకీ, వంకాయలోకీ, నేను లాటిన్‌లో వర్ణించినది పోతుంటే కూర్చుని చూడడం ఒక శిక్ష. వాళ్ళు తింటున్నదేమిటో వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. అది ఎక్కడిదో వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు.

ప్రొఫెసరుగారు ఒకప్పుడు నా దగ్గరే చదువుకున్నాడు, అప్పుడు కూడా పరీక్షలో పుష్పం గీసి భాగాల పేర్లు ఊహించి రాసేవాడు. వ్యాసం పంపేముందు చూపిస్తే మూడు సలహాలు ఇచ్చాడు. మొదటిది, దీనికి తన గురువు పేరు పెట్టమని. గురువంటే నేను కాదు, తనకు డాక్టరేటు ఇప్పించిన ఆయన. నేను దాని ఒంట్లో ఉన్న మూడు గోడల పేరే పెట్టాను. రెండోది, బజారులో దొరికిందని రాయొద్దని. పత్రిక సంపాదకుడూ అదే అన్నాడు, బజారు ప్రాణులు పుట్టే చోటు కాదట, ఆ మాట నేను ఒప్పుకుంటాను. మూడోది, మీది నాందేడ్ జిల్లాయే కాబట్టి కిన్వట్ అడవి అని రాసేయండి, కావాలంటే సర్ఖని అని ఊరి పేరు కూడా వేయండి, ఎవరొచ్చి చూస్తారు అని. ఎవరొచ్చి చూస్తారు. ఆ మాట విన్నాక నేనే వెళ్ళి చూశాను. తెల్లవారి ఎస్టీ బస్సు ఎక్కి, బస్సు కుదుపులకు నడుము రెండు ముక్కలై, సర్ఖనిలో దిగి టేకు చెట్ల మధ్య భూతద్దం పట్టుకుని తిరిగాను. ఎండకు ఆకు రాల్చిన టేకు మీద, సున్నం చల్లి ఆరనిచ్చినట్టు బెరడుకు అంటుకుపోయే లైకెన్లు ఉన్నాయి. ఆకుల్లా విప్పుకునే పెద్ద రకం, మసాలాలో వేసే రకం, ఒక్కటి లేదు. ఆ పొడి గాలిలో అది బతకదు, దానికి మబ్బు కావాలి. మేకల వెంట వచ్చిన భోజన్న అనే పెద్దమనిషి చాలాసేపు నన్ను చూసి, "ఏందవ్వా, చెట్టుకు గజ్జి లేసిందా, మందు పెడుతున్నవా?" అన్నాడు. రాతిపువ్వు ఇక్కడ దొరుకుతుందా అని పొట్లం విప్పి చూపించాను. వాసన చూశాడు. "గిది దుకాండ్ల దొరుకుతది గద. ఇంత దూరం ఎందుకొచ్చినవ్?" నేను తిరుగు బస్సు ఎక్కాను. రేపు నేను సర్ఖని అని అచ్చు వేయిస్తే, నాకు తెలియని ఏ అమ్మాయో, నాకు తెలియని ఏ ఊరి నుంచో, నా మాట నమ్మి అదే బస్సు ఎక్కుతుంది; అదే టేకు చెట్లు వెతుకుతుంది; దొరక్కపోతే తన కళ్ళను అనుమానిస్తుంది. అచ్చయిన పేరు పక్కన అచ్చయిన ఊరు మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. పెరూ పేరు మోస్తూ పెరూలో ఎన్నడూ పుట్టని మొక్క ఒకటి రెండు శతాబ్దాలుగా పుస్తకాల్లో ఉంది, ఎవరూ దిద్దలేరు, నియమాలు దిద్దనివ్వవు. అలాంటిదాన్ని ఇంకొకటి నేను కనను.

ఆనందాన్ని అడగకుండా వదిలానా. అన్నం దగ్గర అడిగాను, గుడి నుంచి వస్తూ అడిగాను, ఒంట్లో బాగా లేనప్పుడు కషాయం చేతికిచ్చి అడిగాను. వాడు నాకు అన్నీ చెబుతాడు. డాక్టరు తనను ఏమేమి తినొద్దన్నాడో, వాటిలో ఏవేవి దొంగచాటుగా తింటున్నాడో చెబుతాడు, వనమాలతో ఏ మాట మీద గొడవైందో చెబుతాడు, ఇది మాత్రం అడిగితే కంచంలోకి తల దించి, "అక్కా, గిదొక్కటి అడుగకు" అంటాడు. వ్యాపార రహస్యం, నాకు తెలియదా, నేనూ ఆ ఇంట్లోనే పెరిగాను. సరుకు ఎక్కడిదో చెబితే పక్క దుకాణంవాడు నేరుగా అక్కడికే పోతాడు. అందుకే వ్యాపారులు భార్యకు కూడా చెప్పరు. మా నాయన సుబ్బయ్య దుకాణం వెనక లోపలి కొట్టుకు ఎప్పుడూ తాళం వేసేవాడు, తాళం చెవి మొలతాడుకు ఉండేది, ఆనందానికి మీసాలు రాకముందే వాణ్ణి చెయ్యి పట్టుకుని ఆ కొట్టులోకి తీసుకుపోయాడు. నేను వాడికంటే పెద్దదాన్ని, తూకాల లెక్కలు నాయనకు నోటితో కట్టి చెప్పేదాన్ని, వెంట వెళ్ళబోతే గడప దగ్గర ఆపి, "నువ్వెందుకు బిడ్డా, రేపు ఇంకో ఇంటికి పోయేదానివి" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేను ఇంకో ఇంటికి పోలేదు. ఎందుకన్నది ఈ కథకు సంబంధం లేని విషయం. నాయన పోయి చాలా కాలమైంది, తాళం చెవి ఆనందం మొలకు మారింది, నేను అదే ఇంట్లో జుట్టు నెరిసి కూర్చున్నాను, అయినా ఆ గడప దగ్గర నేను ఇప్పటికీ రేపో మాపో ఇంకో ఇంటికి పోయేదాన్నే. మొన్న ఖాళీ ఉన్న అచ్చుప్రతి చూపించి, ఇది నింపకపోతే నా పని చచ్చిపోతుందని చెప్పినప్పుడు వాడు చెవి గోక్కుని, "రామదాస్ అస్తున్నడు. ఆయన్ని అడుగు. ఆయన చెప్తే నేను అడ్డం రాను" అన్నాడు. అంతకంటే పెద్ద దానం వాడి చేతుల్లో లేదనుకున్నాను. ఇప్పుడు ఈ కుర్చీలో, ఎండుకొబ్బరి వాసనలో, స్టేషను వైపు నుంచి బండి కూత వినిపించినప్పుడు, వాడు తరాజు మీంచి కళ్ళెత్తకపోవడం చూస్తే, వాడు దానం చేయలేదేమో, తప్పించుకున్నాడేమో అనిపిస్తోంది.

రామదాస్ ఆటో దిగాడు. తెల్ల టోపీ, చేతిసంచి, ఎవరితోనైనా వాళ్ళ భాషలోనే నవ్వగల ముఖం. కూర్చోగానే మిరప ఘాటుకు తుమ్మాడు, చాయ్ వచ్చింది, చాయ్ తాగుతూనే ఆయనా ఆనందం జీలకర్ర బేరం మొదలుపెట్టారు, అంటే రుమాలు కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కుతూ, పైకి మాత్రం వానల గురించి మాట్లాడుతూ. పక్కన కూర్చున్నవాడికి ధర తెలియకూడదు. ఇద్దరు పెద్దమనుషులు ముఖాల్లో ఏమీ లేకుండా గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు పిసుకుతుంటే, నాలుగు భాషల చదువు పెట్టుకుని నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఆ గుడ్డ లేచేదాకా ఆగాను. లేచింది.

"రామదాస్‌గారూ, దీపావళికి మీరు మా తమ్ముడికి ఇప్పించిన రాతిపువ్వు ఏ కొండది?"

"ఏమైంది తాయీ? మాల్ మంచిగ లేదా? శికాయత్ ఉన్నదా?"

"శికాయత్ లేదు. కొండ పేరు కావాలి."

"పేరే కదా. మహాబళేశ్వర్ అనుండ్రి. నైనితాల్ అనుండ్రి. నైనితాల్ అంటే గిరాకీ బాగ ఖుష్ అయితది."

"ఖుషీ వద్దు. నిజంగా ఎక్కడ పుట్టిందో అది చెప్పండి."

ఆయన కప్పు కింద పెట్టి ఆనందం వైపు చూశాడు. ఆనందం అప్పటికే శుభ్రంగా ఉన్న తరాజు పళ్ళేన్ని తుడుస్తున్నాడు.

"ఏ బోరాది, ఏ గోనెది అడుగుతున్నరు తాయీ? నేను ఇప్పించినవి మూడు బోరాలు, మూడు తోవల అచ్చినయ్. గీ గోనెల ఉన్నది నా మాల్ కాదు. గిది మీ తమ్ముడి మాల్."

"అంటే?"

"అంటే, కలిపింది ఆయననే గదా. మీకు ఎరుక లేదా?"

నాకు ఎరుక లేదు. నేను పుట్టిన ఇంట్లో, నేను తిన్న ప్రతి ముద్దలో ఉన్నది నాకు ఎరుక లేదు. ఆనందం గుడ్డ పక్కన పెట్టి, మొదటిసారి నా ముఖంలోకి చూసి మాట్లాడాడు, వాడి గొంతులో తప్పు చేసినవాడి బెరుకు లేదు, ఒక పనివాడి గర్వం ఉంది. "నాయన నేర్పిండు. ఒక్క కొండది అమ్మితే ఈ ఏడు ఒక వాసన, అచ్చే ఏడు ఇంకో వాసన. గిరాకీ ఊకుంటరా? ఒకదాంట్ల వాసన ఉంటది, ఒకదాంట్ల రంగు, ఒకటి ఊకె బరువుకు. మూడు పాళ్ళు ఎట్ల కలపాల్నో నాయన నా చెయ్యి పట్టి చూపిచ్చిండు. సుబ్బయ్య దుకాణం పువ్వంటే ఎన్నడూ ఒక్కటే వాసన. అది కొండ మీద పుట్టదక్కా. లోపలి కొట్ల పుడుతది." కొట్టులో పుడుతుంది. ఉస్మానియా హాస్టల్లో ఉన్నప్పుడు ఇంటి నుంచి వచ్చిన మసాలా డబ్బా మూత తీయగానే కళ్ళు తడిసేవి, ఆ వాసన మా ఊరిదనుకునేదాన్ని, గోదావరిదనుకునేదాన్ని, అమ్మ చేతిదనుకునేదాన్ని. అది తాళం వేసిన గదిలో నాయన కట్టిన లెక్క. ఆ లెక్క చెప్పమని అడిగితే నేనే నోటితో కట్టి ఉండేదాన్ని. అందుకే గడప దాటనివ్వలేదు. ఇంకో ఇంటికి పోయే ఆడపిల్ల సరుకు జాడ చెబితే పోయేది ఒక బేరం, పాళ్ళు చెబితే పోయేది దుకాణం. వాళ్ళు దాచింది కొండను కాదు. కొండ ఎక్కడుందో దాచినవాళ్ళకూ తెలియదు.

ఆశ మూర్ఖమైనది, నాకు ఇంకొకటి తట్టింది. ఆ గోనెలో లైకెన్లు మూడు రకాలు, నా శిలీంధ్రం ఉండేది వెడల్పు ఆకుల రకం మీద మాత్రమే. ఆ రకం ఏ గోనెలోదో తెలిస్తే చాలు. పొట్లం విప్పి రామదాస్ ముందు పెట్టాను. ఆయన పాపం తిప్పి తిప్పి చూశాడు. "గిసుంటిది మూడిట్ల ఉంటది తాయీ, కొంచం కొంచం." పోనీ ఆ మూడు దారులు చెప్పండి, మూడు కొండలకూ రాసి కనుక్కుంటాను. ఆయన నవ్వాడు, వెక్కిరింపు కాదు, చిన్నపిల్ల అడిగినప్పుడు నవ్వేది. "నాకు అకోలాల ఇచ్చినోడు కలుపకుండ ఇచ్చిండంటరా? వానికి ఇచ్చినోడు?" అడవిలో ఎవరో ఒక మనిషి ఒక చెట్టు మీద నుంచి దీన్ని ఒలిచాడు. ఆ మనిషికి తెలుసు, ఆ చెట్టుకు తెలుసు. ఆ తరువాత ప్రతి చెయ్యీ కలిపింది, ప్రతి నోరూ ఒక మంచి పేరు చెప్పింది. వీధిలో గురుద్వారాకు వచ్చిన యాత్రికుల గుంపు పోతోంది, మెయిలుకు ఎంతో సమయం లేదు, నేను కలం తీశాను.

ఖాళీలో లాటిన్‌లో రాశాను, చిన్న అక్షరాలతో, చోటు చాలక మార్జినులోకి పోయి: నాందేడ్‌లోని ఒక దుకాణంలో, మూడు చోట్ల నుంచి తెచ్చి కలిపిన సరుకులో దొరికినది, పుట్టిన కొండ తెలియదు. ఆనందం నా భుజం మీంచి వంగి చూశాడు. లాటిన్ రాదు వాడికి, నన్ను తెలుగులో వినిపించమన్నాడు, వినిపించాను.

"కలిపిన అని రాయకక్కా. కల్తీ అంటరు."

"దుకాణం పేరు రాయలేదు."

"నీ కాగితం ఎంతమంది చదువుతరు?"

"లోకం మొత్తం మీద ఓ పదిమంది."

"గా పదిమందిల ఒకడు మన గిరాకీ అయితే?"

రామదాస్ ఫక్కున నవ్వాడు. నేను నవ్వలేదు, నవ్వాలనిపించింది. "ప్రొఫెసర్ సాబ్ సర్ఖని అనమన్నడు గద, గదే రాయరాదు" అన్నాడు ఆనందం. "సర్ఖని మంచి పేరే తాయీ" అన్నాడు రామదాస్. జీలకర్ర ధర మీద గంటసేపు వేళ్ళు విరుచుకున్నవాళ్ళు, ఎన్నడూ ముఖం చూడని ప్రొఫెసరుతో కలిసి, ఒక అబద్ధం దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ ఒక్క మాట మీద నిలబడ్డారు. కలిపిన అన్న మాటను కొట్టేయలేదు. సంపాదకుడు ఒప్పుకుంటాడని నమ్మకం లేదు. బజారు పుట్టిన చోటు కాదన్న మనిషి, తెలియదన్న మాటను పుట్టిన చోటుగా ఒప్పుకుంటాడా. తిప్పి పంపితే నా మూడు గోడల ప్రాణి లేనిదే అవుతుంది, ఎవరో ఎప్పుడో దాన్ని మళ్ళీ కనుక్కుని సర్ఖని అని రాస్తారు. అయినా నా చేత్తో రాసేది ఇదే. కవరు అంటించాను. వెనక ఎవరో గోనె అడుగు గీకుతున్న చప్పుడైంది. చూస్తే ఆనందం, చివరి పిడికెడు రాతిపువ్వును ఎవరో ఆవిడకు తూచి ఇస్తున్నాడు, చుక్కలతో సహా. డబ్బాలో పోసుకుని ఆవిడ వెళ్ళిపోయింది. వాడు ఖాళీ గోనెను దులిపి మడత పెడుతూ, నా వైపు చూడకుండా, గోనెతో చెబుతున్నట్టు అన్నాడు.

"దీపావళికి కొత్త మాల్ అస్తది. కలిపే ముందు పిలుస్త. లోపలికి."

"పిలవనక్కరలేదు" అన్నాను. "వస్తాను."

నేను లోపలికి వెళ్ళినా అక్కడుండేది మూడు గోనెలే, ప్రతి గోనె ముందే ఎక్కడో కలిసినదే, అది నాకు తెలుసు, నేను ఇన్నేళ్ళు ఆలస్యంగా దాటబోయే గడపకు అవతల కొండ లేదని తెలుసు. ఆటోలో స్టేషనుకు పోతూ కవరును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను, వంతెన దగ్గర గాలి చల్లగా తగిలింది. ఒక్క ముసలిదాని కాళ్ళు ఎన్ని కొండలు ఎక్కగలవు, ఎన్ని దుకాణాల ముందు కూర్చోగలవు. కాబట్టి ఇది చదువుతున్న మీరు లేవండి. వంటింట్లోకి వెళ్ళి మసాలా సామాను డబ్బాల్లో రాతిపువ్వు ఉన్నదాని మూత తీయండి. వెలుతురులో పరిచి చూడండి, వెడల్పు ఆకుల మీద, చర్మం ఉబ్బిన చోట నల్ల చుక్కలుంటే ఆ ముక్కను పారేయకండి, కాగితంలో చుట్టి మీ పేరు రాసి దాచండి. తరువాత మీకు దాన్ని అమ్మినవాడి దగ్గరికి వెళ్ళి, ఇది ఏ కొండ మీద పుట్టిందని అడగండి. అతడు మంచి పేరు ఏదైనా చెబితే నమ్మకండి. నవ్వితే, ఆ నవ్వు అయిపోయేదాకా అక్కడే నిలబడి, మళ్ళీ అడగండి.